ఎందుకు తలూపావు షెగాయ్?

"నీ మొహమే నీ పాస్‌పోర్ట్," అన్నాడు కల్నల్ జాకూపోవ్.

ఏజెంట్ 41 అయోమయంగా చెంప తడుముకున్నాడు. ఆ మొహం కొరియావాళ్ళది. పేరు రోదియోన్ షెగాయ్. పుట్టింది, పెరిగింది, చదివింది, దెబ్బలు తిన్నది అంతా అల్మాటీలోనే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతడు చేసిన అతిపెద్ద సాహసం ఒక రాయబార కార్యాలయం బయట ఆగే కార్ల నంబర్లు రాసుకోవడం.

"కూర్చోవోయ్. టీ చల్లారుతోంది. టైం లేదు, తాగుతూ విను."

భద్రతా శాఖ మూడో అంతస్తు గది అది. బల్ల మీద పాల టీ, పళ్ళెం నిండా నూనెలో వేయించిన పిండివంట బవుర్సాకులు, పక్కన మూడు ఫొటోలు ఉన్నాయి. కల్నల్ మొదటి ఫొటోను వేలితో ముందుకు తోశాడు. తెల్లజుట్టు, అమాయకపు నవ్వు.

"ఇంజనీర్ వలేరీ త్యాన్. మీ వాడే. పైన తిరిగే ఉపగ్రహాన్ని దారి తప్పించే కిటుకు ఈయన బుర్రలో ఉంది. ఇంకెక్కడా లేదు. ఆదివారం మధ్యాహ్నం ఈయన షష్టిపూర్తి. ఆ రోజు ఈయన్ని ఎత్తుకెళ్ళడానికి ఒక ముఠా దిగింది."

రెండో ఫొటోలో ఖరీదైన సూటు, సన్నటి కళ్ళజోడు.

"డైరెక్టర్ ప్యో. ఫేస్ క్రీములు అమ్మడానికి వచ్చానంటాడు. అమ్మేది మనుషుల్ని. వీళ్ళకి పైన ఒకడున్నాడు. అందరూ పెద్దాయన అంటారట. ఎవడో తెలీదు. ప్యోయే అయ్యుంటాడని నా అనుమానం."

మూడో ఫొటోలోని అమ్మాయి మీంచి షెగాయ్ చూపు తిప్పుకోలేదు.

"చూసింది చాల్లే," అన్నాడు కల్నల్. "సోల్హా. ముఠాలో దుబాసీ. రెండేళ్ళుగా మన మనిషి. దొరికిపోతే ఆ పిల్ల ప్రాణం పోతుంది, గుర్తుంచుకో. ఈ మధ్య ఆమె ఎదుట అసలు సంగతులు మాట్లాడటం మానేశారు. అందుకే నువ్వు. వాళ్ళకి బజారు పనులకీ, వంటకీ ఒక లోకల్ కుర్రాడు కావాలి. కొరియా మొహం ఉంటే చాలన్నారు. నువ్వు వంట చేస్తావు, వాళ్ళు మాట్లాడుకుంటారు, నువ్వు వింటావు. మన అనువాదకురాలు పురిటికి వెళ్ళింది. టేపులు రాజధానికి పంపి తెప్పించేసరికి సోమవారం అవుతుంది. ఈలోగా నీ చెవులే దిక్కు."

నీకు కొరియన్ వచ్చా అని కల్నల్ అడగలేదు. అడిగి ఉంటే షెగాయ్ చెప్పేవాడే. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని ఆ క్షణంలో అతడికి అనిపించింది. ఆ గదిలోంచి బయటపడి మెట్లు దిగేసరికి ఆ నమ్మకం సగం సడలింది.

అతడికి వచ్చిన కొరియన్ మొత్తం తిండి పేర్లు. అవీ వాళ్ళ అమై నేర్పినవి. నాయనమ్మను ఇక్కడి కొరియావాళ్ళు అమై అంటారు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ కొరియన్‌లో కేకలు వేసేది, ఇతడు రష్యన్‌లో సమాధానం చెప్పేవాడు. భాష అంటలేదు గాని రెండు పద్ధతులు మాత్రం వంటబట్టాయి. పెద్దవాళ్ళకు ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి. పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే తల వంచి "యే" అనాలి. అంటే అవునని. నాకు తెలీదు, నాకు అర్థం కాలేదు అని పెద్దవాళ్ళ మొహం మీద అన్నాడో, వీపు చిట్లేది.

టెక్నికల్ విభాగం వాళ్ళు కోటుకు ఒక గుండీ కుట్టిచ్చారు. దాని లోపల టేపు రికార్డర్ ఉంది. చెవిలో పెట్టుకోవడానికి శనగగింజంత అనువాద యంత్రం కూడా ఇచ్చారు. అది చూసి షెగాయ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

* * *

బజారులో కొరియావాళ్ళ పచ్చళ్ళ వరుసలో మర్నాడు పొద్దున్నే రద్దీ. క్యారెట్ తురుముకు మిరపకారం పట్టిస్తున్న వాసన ముక్కుకు ఎక్కుతోంది. గోధుమరంగు పొడుగు కోటు, నల్లకళ్ళద్దాలు, ఎర్ర చేతిసంచీతో సోల్హా అక్కడికి రాగానే మాంసం కొట్టేవాడు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

షెగాయ్ ఆమె పక్కన నిలబడి క్యారెట్ పచ్చడి రుచి చూశాడు.

"ఘాటు తగ్గిందే," అన్నాడు. అది కోడ్.

"మా ఊళ్ళో అయితే దీన్ని అన్నంలో కలుపుకుంటాం," అంది సోల్హా.

పచ్చళ్ళమ్మే పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా పచ్చడిలో ఘాటు తగ్గిందా? నిన్ననే ఒకాయన ఏడ్చుకుంటూ పోయాడు. బాబూ, నువ్వు పచ్చడి కొనడానికొచ్చావా, పిల్లని చూడ్డానికొచ్చావా?"

"పచ్చడికే పిన్నీ."

"అయితే పళ్ళెంలోకి చూడు మరి!"

దానిమ్మపళ్ళ దగ్గర ప్యో మనిషి ఒకడు పళ్ళు ఏరుతున్నట్టు నటిస్తున్నాడు. రష్యన్‌లో మాట్లాడితే బజారు మొత్తానికి అర్థమవుతుంది. సోల్హా అద్దాలు సవరించుకుంటూ పెదాలు కదలకుండా కొరియన్‌లో గబగబా నాలుగు ముక్కలు చెప్పింది. పిన్నికి కూడా అందనంత వేగంగా, తన నగరపు యాసలో.

షెగాయ్ చెవిలో యంత్రం గరగరమంది. తర్వాత తీయటి గొంతుతో, "అమ్మా, వాన వచ్చేలా ఉంది, నన్ను మరిచిపోకు" అంది. టెక్నికల్ విభాగం వాళ్ళు దానికి టీవీ సీరియళ్ళు వినిపించి భాష నేర్పించారని తరువాత తెలిసింది.

సోల్హా మాట ముగిసింది. చివర్న ఏదో అడిగినట్టు గొంతు పైకి లేచింది. ఆమె అతడి మొహంలోకి చూస్తోంది. సమాధానం కావాలి.

నాకు అర్థం కాలేదు. ఆ మూడు మాటలూ అతడి నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ రెండేళ్ళుగా పులి నోట్లో తల పెట్టి పనిచేస్తున్న మనిషికి, నీకు తోడుగా పంపింది ఒక దద్దమ్మని అని ఎలా చెప్పడం? అతడు తల ఊపాడు.

"యే," అన్నాడు.

ఆమె ఇంకోసారి, మెల్లగా, ఏదో రెట్టించి అడిగింది.

"యే, యే."

సోల్హా నవ్వింది. పెద్ద బరువు దిగిన మనిషి నవ్వు అది. పచ్చడి పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వు షెగాయ్ గుండెలో ముల్లులా దిగింది.

* * *

ముఠా దిగిన ఇల్లు కొండ దిగువన, ఆపిల్ తోటలో ఉంది. ప్యో కాకుండా ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళలో ఒకడు లావుపాటివాడు, మిగతా ముగ్గురు యువకులు. వీళ్ళందరినీ కారులో తిప్పే తక్ అనే ముసలి డ్రైవర్ ఉన్నాడు. ఎప్పుడూ మూలన కూర్చుని బఠానీలు నములుతూ ఉంటాడు. సోల్హాకు ఊళ్ళో హోటల్లో గది ఇచ్చారు. ఆమెను దూరం పెట్టడానికే అది.

మొదటి రోజే షెగాయ్ పెద్ద గిన్నె నిండా కుక్సి, అంటే వేడి నూడుల్స్ పులుసు, చేసి వడ్డించాడు. ఆవిరి తగిలి చెవిలో యంత్రం ఒక్కసారి "ప్రియతమా" అని చచ్చిపోయింది.

ఇక మిగిలింది అతడి తెలివి. భాష రానివాడు నలుగురి మధ్య ఎలా నెట్టుకొస్తాడో తెలుసుకోవాలంటే ఆ రోజుల్లో షెగాయ్‌ని చూడాల్సింది. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ఎవరైనా తనవైపు తిరిగి మాట మొదలెడితే గబుక్కున నోట్లో ముద్ద పెట్టుకునేవాడు. నోరు ఖాళీగా ఉంటే గ్లాసు నింపడానికి లేచేవాడు. గ్లాసులు నిండుగా ఉంటే పొయ్యి మీద ఏదో మాడుతోందని పరిగెత్తేవాడు. తల మాత్రం ఊగుతూనే ఉండేది. సాయంత్రానికి మెడ పట్టేసేది.

మాటలు అందనప్పుడు కళ్ళు ఊరికే ఉండలేవు. అతడు చేతులు చూశాడు, భుజాలు చూశాడు, ఎవరు ఎవరి వైపు చూసి మాట్లాడుతున్నారో చూశాడు. చూసినదానికి అర్థం మాత్రం అప్పటికి తోచలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు ఒక నాటకం ఆడారు. ప్యో ముసలివాడిలా వంగి కుర్చీలో కూర్చున్నాడు. ఒక యువకుడు ఆడగొంతు పెట్టి, వయ్యారంగా నడిచొచ్చి, మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులతో కప్పు అందించాడు. ప్యో తాగినట్టు నటించి, మర్యాద ప్రకారం అదే కప్పు నింపి యువకుడికి తిరిగి ఇచ్చాడు. వాడూ తాగాడు. మరుక్షణం ఇద్దరూ నాలుకలు బయటపెట్టి నేల మీద పడ్డారు. మిగతావాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకుపోయారు. గదంతా ఒకటే నవ్వులు. తాగుబోతుల హాస్యం కాబోలనుకుని షెగాయ్ కూడా నవ్వాడు. చప్పట్లు కూడా కొట్టాడు.

అది అయ్యాక ప్యో బల్ల దగ్గరికి పిలిచి అతడిని కూర్చోబెట్టాడు. జేబులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. సోల్హా ఫొటో.

గదిలో నవ్వులు ఆగిపోయాయి.

ప్యో ఫొటో మీద వేలు పెట్టాడు. తరువాత ఆ వేలు షెగాయ్ వైపు తిప్పాడు. చాలా మృదువుగా, చిన్నపిల్లవాడిని అడిగినట్టు, ఒక ప్రశ్న అడిగాడు. ఐదుగురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నోట్లో ముద్ద లేదు. గ్లాసులన్నీ నిండుగా ఉన్నాయి. పొయ్యి ఆర్పేసి ఉంది.

షెగాయ్ తల వంచాడు.

"యే," అన్నాడు.

మూలన తక్ బఠానీ నమలడం ఆపి, ఏదో ఒక్క వాక్యం అన్నాడు. ప్యో నిట్టూర్చి ఫొటోను బోర్లించాడు. అందరూ గ్లాసులెత్తి తాగారు. తాగేటప్పుడు ప్యో, లావుపాటివాడు, ముగ్గురు యువకులు, అందరూ మొహం గోడవైపు తిప్పుకుని తాగారు. తక్ ఒక్కడే తిన్నగా తాగాడు.

తను దేనికో ఒప్పుకున్నాడు. దేనికో తెలియదు. కానీ ఆ ఫొటో బోర్లించిన తీరు చూస్తే, అది సోల్హాకు మంచి చేసేది కాదని పసివాడికి కూడా తెలుస్తుంది. ఆ పూట షెగాయ్ కడిగిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ కడిగాడు. చేతులకు సబ్బు పట్టింది గాని మనసుకు పట్టిన మురికి వదల్లేదు.

శనివారం కూరగాయల వంకతో బయటపడి, రొట్టెల కొట్టులోని ఫోన్ అందుకున్నాడు.

"సార్, ఒక మాట చెప్పాలి..."

"ఒక మాటే చెప్పు, లైన్ మంచిది కాదు," అన్నాడు కల్నల్. "సోల్హా కబురు పంపింది. షష్టిపూర్తి అయ్యాక ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఎత్తుకెళ్తారట. ప్యో ఆమెకి అలాగే చెప్పాడట. నువ్వేం విన్నావ్? అదేనా?"

షెగాయ్ నోరు తెరిచాడు. సార్, నేనేమీ వినలేదు, నాకు భాష రాదు. ఇంతే చెప్పాలి. వెనకాల రొట్టెల కొట్టువాడు, "అన్నా, ఫోన్ నీ అత్తగారిదా? తొందరగా కానీ!" అని అరుస్తున్నాడు.

"అదే సార్," అన్నాడు షెగాయ్.

"శభాష్! నా మనుషులందర్నీ ఆ రోడ్డు మీద పెడతాను."

ఫోన్ పెట్టేసి అతడు కూరగాయల సంచీ భుజాన వేసుకున్నాడు. ఒక నిజం చెప్పకపోవడంతో మొదలైన పని, నిజమైన అబద్ధం దాకా వచ్చింది. తన పరువు కోసం ఒక ఆడమనిషి ప్రాణాన్ని పణంగా పెట్టాడు. ఇంతకన్నా సిగ్గులేని పని ఇంకేదైనా ఉందా అని వెతికితే, ఒక్కటీ దొరకలేదు.

* * *

ఆదివారం మధ్యాహ్నం రెస్టారెంటు కిటకిటలాడుతోంది. ఎత్తైన బల్ల మీద పళ్ళు, బియ్యప్పిండి రొట్టెలు, మొత్తంగా ఉడికించి నిలబెట్టిన కోడి. దాని వెనక కొత్త సూటులో ఇంజనీర్ త్యాన్ ముచ్చటగా కూర్చున్నాడు. కొడుకులు, కోడళ్ళు, మేనల్లుళ్ళు జంటలు జంటలుగా వచ్చి, నేల మీద వంగి దండం పెట్టి, రెండు చేతులతో కప్పు అందిస్తున్నారు. ముందు వరుసలో మామ్మలు ఎవరు సరిగ్గా వంగారో, ఎవరు వంగలేదో పైకే చెప్పుకుంటున్నారు.

"చిన్నకోడలు నడుం వంగలేదేమే?"

"కడుపుతో ఉందే పాపం."

"నేను ఐదో నెలలో మా మామగారికి ఇంతకన్నా వంగాను!"

మైకు పట్టుకుని విందు నడిపే పెద్దమనిషికి బుర్రమీసాలు, పట్టు కోటు. అతుకు మీసం ఒక పక్క ఊడొస్తోంది. అది కల్నల్ జాకూపోవ్. అతడి మనుషులు మాత్రం ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఎండలో నిలబడి ఉన్నారు. షెగాయ్ మాట నమ్మి.

కోట్లు తగిలించే గదిలో షెగాయ్ సోల్హాను పట్టుకున్నాడు. ఆమె ఎర్రటి సిల్కు గౌనులో వెలిగిపోతోంది.

"నాకు కొరియన్ రాదు," అన్నాడు రష్యన్‌లో, ఊపిరి తీసుకోకుండా.

సోల్హా నవ్వింది. "ఇక్కడెవరూ లేరు. నా దగ్గర కూడా నటించాలా?"

"నటన కాదు. అమై మీద ఒట్టు. ఒక్క ముక్క రాదు."

ఆమె మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "మరి బజార్లో?"

"తలూపాను."

"వాళ్ళ ఇంట్లో?"

"తలూపాను. నీ ఫొటో పెట్టి ఏదో అడిగారు. అవునన్నాను. ఏమడిగారో తెలీదు. తప్పయిపోయింది సోల్హా. ముందే చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు. కల్నల్‌కి కూడా అబద్ధం చెప్పాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతడికి.

"అడిగింది ఎవరు?" అంది.

"ప్యో. కానీ తాగేటప్పుడు ప్యోతో సహా అందరూ మొహం పక్కకి తిప్పుకున్నారు. మా అమై ముందు మా నాన్న అలాగే తాగేవాడు. తిప్పుకోనిది ఒక్కడే. డ్రైవర్ తక్."

"తక్కా!" సోల్హా కళ్ళు పెద్దవయ్యాయి. "రెండేళ్ళు ఆ ప్యో మాటలే వింటూ కూర్చున్నాను. గ్లాసుల వైపు చూడనే లేదు."

"ఇప్పుడు దూర దేశం నుంచి వచ్చిన అతిథుల తరఫున..." మైకులో కల్నల్ గొంతు మోగింది. ప్యో తలుపు దగ్గరికి వచ్చి, వినయంగా నవ్వుతూ, సోల్హాను రమ్మని చేయి చూపించాడు.

"వెళ్ళకు," అన్నాడు షెగాయ్ గొంతు తగ్గించి.

"వెళ్ళకపోతే పెద్దాయన జారుకుంటాడు. హాల్లో ఆయన మనుషులు ఎంతమంది ఉన్నారో ఇంకా తెలీదు," అంది ఆమె కూడా అంతే మెల్లగా, జుట్టు సర్దుకుంటున్నట్టు. ప్యో వెంట నడిచి వెళ్ళిపోయింది.

షెగాయ్ కిటికీలోంచి బయటకు చూశాడు. గుమ్మానికి ఆనించి ఒక అంబులెన్సు నిలబడి ఉంది. దాని పక్కన తెల్లకోటు వేసుకుని సిగరెట్ కాలుస్తున్నది ముఠాలోని లావుపాటివాడు. వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల స్ట్రెచర్లు రెండు.

ఒకటి కాదు, రెండు.

శుక్రవారం నాటకం కళ్ళముందు తిరిగింది. వయ్యారంగా నడిచొచ్చిన యువకుడు, రెండు చేతులతో కప్పు, అదే కప్పు తిరిగి ఇవ్వడం, ఇద్దరూ నేల మీద పడటం. అది హాస్యం కాదు, రిహార్సల్. ఎయిర్‌పోర్టు రోడ్డు వట్టి కట్టుకథ. కప్పులోని మత్తుమందుకు ఇంజనీరు ఇక్కడే పడిపోతాడు, కప్పు అందించిన పిల్లా పడిపోతుంది, అందరూ అయ్యో అంటుండగా తెల్లకోట్లు వచ్చి మోసుకుపోతాయి. ఇంజనీరును అమ్ముతారు. పిల్లను కొండల్లో పారేస్తారు. ఈ రిహార్సల్‌కు తను చప్పట్లు కొట్టాడు!

అతడు జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు.

సోల్హా అప్పటికే వంగి లేచింది. ఒక వెయిటర్ తెచ్చి ఇచ్చిన ఇత్తడి కప్పు ఆమె చేతుల్లోంచి ఇంజనీరు చేతుల్లోకి వెళ్ళింది. ఇంజనీరు చల్లగా నవ్వి కప్పు పైకెత్తాడు. అంచు పెదవికి ఆనింది.

"తాతగారూ, ఆగండి!"

షెగాయ్ ఆ కప్పును రెండు చేతులా పట్టుకున్నాడు. మామ్మలు నోళ్ళు నొక్కుకున్నారు. కల్నల్ మీసం పూర్తిగా ఊడి మైకు మీద పడింది.

అరిచి గోల చేస్తే తక్ మాయమవుతాడు. కప్పులో ఏదో కలిపారంటే జనం తొక్కుకు చస్తారు. షెగాయ్‌కి తెలిసింది ఒక్కటే, అమై నేర్పిన పద్ధతి. అతడు మైకు అందుకున్నాడు.

"పెద్దలు క్షమించాలి. నేను కొరియావాణ్ణే. నాకు కొరియన్ రాదు. చెప్పడానికి సిగ్గుపడి ఇన్నాళ్ళూ తలూపుతూ బతికాను. కానీ మా అమై ఒక సంగతి చెప్పింది. హాల్లో వయసులో ఇంకా పెద్దవారుంటే ముందు కప్పు వాళ్ళకి. మనకన్నా పెద్దాయన, సముద్రం దాటి వచ్చినాయన, వంటగది పక్కన డ్రైవర్ల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇది మనకు మర్యాదా?"

"తప్పు, తప్పు!" అన్నారు మామ్మలు ఒక్కసారిగా. "ఎవరే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది? ముందు ఆయనకే ఇవ్వు బాబూ!"

షెగాయ్ కప్పు ఒలకకుండా పట్టుకుని హాలు చివరిదాకా నడిచాడు. తక్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు తాకేదాకా వంగి, రెండు చేతులతో కప్పు పైకెత్తాడు.

తక్ చేతులు కదల్లేదు. నుదుటిమీద చెమట పట్టింది. చిరునవ్వు తెచ్చుకుని, చుట్టూ ఉన్నవాళ్ళను చూస్తూ, కొరియన్‌లో మృదువుగా ఏదో అన్నాడు. ముందు వరుస మామ్మలకు అంత దూరం వినపడలేదు.

మెడ అలవాటు ప్రకారం వంగబోయింది. షెగాయ్ దాన్ని బలవంతంగా నిలబెట్టాడు.

"నాకు అర్థం కాలేదండీ," అన్నాడు గట్టిగా. "ఒక్క ముక్క అర్థం కాలేదు. మీరు తాగండి."

"తాగండి, తాగండి!" అని హాలంతా చప్పట్లు.

తక్ ఇంకేదో అన్నాడు.

"అదీ అర్థం కాలేదు. తాగండి."

ముసలివాడి ఓపిక అయిపోయింది. కుర్చీ వెనక్కి తన్ని లేచి నిలబడ్డాడు. సరిగ్గా అక్కడే ఆ ముఠా మొత్తం మునిగింది. పెద్దాయన లేచి నిలబడితే చిన్నవాళ్ళు కూర్చోరు. అది ఎముకల్లో ఇంకిన అలవాటు. ప్యో లేచాడు. అతిథుల మధ్య కలిసిపోయిన ముగ్గురు యువకులు లేచారు. ఎవరికీ అనుమానం రాని ఫొటోగ్రాఫర్ స్టూలు మీంచి లేచాడు. కప్పు తెచ్చిన వెయిటర్ చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. తలుపు దగ్గర తెల్లకోటువాడు సిగరెట్ పారేసి తల వంచాడు. కూర్చున్న జనం మధ్యలో అందరూ గుంజల్లా కనిపించారు.

"నిలబడ్డవాళ్ళనందర్నీ పట్టుకోండి!" అని అరిచాడు కల్నల్. హాల్లో తన మనుషులు లేరని తరువాత గుర్తొచ్చింది. కానీ త్యాన్ కొడుకులు ముగ్గురూ కుస్తీ వీరులు. మేనల్లుళ్ళు ఇంకో పదిమంది. ప్యోని మామ్మలే చేతికర్రలతో మూలకు తోసేశారు. వెయిటర్ జేబులోంచి తుపాకీ తీయబోతే సోల్హా కోడి పళ్ళెం ఎత్తి నెత్తి మీద కొట్టింది.

* * *

సోమవారం కల్నల్ గదిలో సోల్హా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గుండీ టేపులు విన్నది. షెగాయ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బజార్లో నేను చెప్పింది ఇది," అంది ఆమె. "నీకు కొరియన్ రాదని వాళ్ళకి చెప్తాను. అప్పుడు నీ ముందు ధైర్యంగా మాట్లాడతారు, గుండీలో రికార్డవుతుంది. వాళ్ళు ఏమడిగినా అర్థం కానట్టు మొహం పెట్టు. చేయగలవా?"

"నేను యే అన్నాను," అన్నాడు షెగాయ్.

"రెండుసార్లు." ఆమె రెండో టేపు పెట్టింది. కాసేపు విని హెడ్‌ఫోన్స్ తీసేసింది. "ప్యో అడిగింది ఇది. ఈ పిల్ల నీకు కొరియన్ ఒక్క ముక్క రాదంటోంది, నిజమేనా? నువ్వు అవునన్నావు. అప్పుడు తక్ అన్నాడు, రానివాడికి ఈ ప్రశ్న ఎలా అర్థమైంది? పిల్ల మనకి అబద్ధం చెప్పింది. పడిపోయాక అది మళ్ళీ లేవకూడదు. వీడి సంగతి ఆదివారం తర్వాత చూద్దాం."

కల్నల్ టేపు ఆపేశాడు.

"అర్థం కానట్టు నటించాలి, అంతే," అన్నాడు కల్నల్ నెమ్మదిగా. "దేశం మొత్తం గాలించినా ఆ వేషానికి నీకన్నా తగినవాడు దొరకడు. అదీ నీకు చేతకాలేదు."

"నా వల్లే నువ్వు చచ్చిపోయేదానివి," అన్నాడు షెగాయ్ సోల్హాతో. "ఆ ఒక్క మాట బజార్లోనే అనుంటే అయిపోయేది. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

"అడగకు," అంది సోల్హా. "నేనూ ఇప్పుడే క్షమించానని అనను." కోటు వేసుకుని ఎర్ర సంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. "తక్ నీతో ఏమన్నాడో తెలుసా? బాబూ, నాకు షుగరు, డాక్టరు తాగొద్దన్నాడు అన్నాడు. రెండోసారి, నా గుండె కూడా మంచిది కాదు నాయనా, వదిలెయ్ అన్నాడు."

ఆమె చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. కల్నల్ చల్లారిన టీ గుటక వేసి, షెగాయ్‌ని కిందినుంచి పైదాకా చూశాడు.

"నిజం చెప్పు. ఆ మాటలు అర్థమై ఉంటే ఏం చేసేవాడివి?"

షెగాయ్ ఆలోచించాడు. అబద్ధాలు ఆడే ఓపిక అతడిలో ఇక మిగల్లేదు.

"పాపం పెద్దాయన కదా అని కప్పు వెనక్కి తీసుకునేవాణ్ణి సార్."

కల్నల్ అప్పటికే సగం నింపిన కొరియన్ ట్యూషన్ మంజూరు కాగితాన్ని చించి చెత్తబుట్టలో పడేశాడు.